పిళ్ళమ్మ వంతు

శిడ్లఘట్ట షెడ్డుల్లో చౌడమ్మ నలభై ఏళ్ళుగా పట్టుదారం తీస్తోంది. ఉడుకు నీళ్ళలో నానిన పట్టుపురుగు గూటి నుంచి దారపు కొస దొరకబుచ్చుకోవాలంటే వేళ్ళు అందులో ముంచాల్సిందే. ఆ వేళ్ళు తెల్లగా పాలిపోయి, గీతలన్నీ అరిగిపోయాయి. పట్టుచీరల గురించి ఎన్నో పుస్తకాలు వచ్చాయి గానీ ఈ వేళ్ళ గురించి రాసినవాళ్ళు తక్కువ.

చిక్కబళ్ళాపురంలో గార్గి అనే అమ్మాయి పని చేస్తూ పాడే పాటల కోసం వెబ్‌సైటు పెట్టిందనీ, ఎవరి పాట వాళ్ళే ఫారంలో పంపొచ్చనీ తనతో పనిచేసే ఆశ చెప్పినప్పుడు చౌడమ్మ ఒకటే అడిగింది.

"చింతామణి పక్కన ఉండేటోళ్ళకి గూడా వినిపిస్తాదా?"

"ఫోనుంటే యాడున్నా వినొచ్చక్కా. లండన్లో గూడా."

"లండన్ నాకెందుకమ్మీ."

ఆమెకు కావలసింది పిళ్ళమ్మ. పదిహేడేళ్ళు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని దారం తీశారు. ఒకరు పాటలో అడిగితే రెండోవారు జవాబు పాడాలి. ఎదుటి మనిషి వంతు మనం పాడితే దారం తెగుతుందని షెడ్డులో అందరి నమ్మకం. ఆ షెడ్డు మూతబడ్డాక పిళ్ళమ్మవాళ్ళు టమాటా తోటల్లో కూలికి చింతామణి వైపు వెళ్ళిపోయారు. ఇరవై ఏళ్ళ కిందటి మాట. అప్పట్లో ఇద్దరి దగ్గరా ఫోన్లు లేవు. మళ్ళీ జాడ లేదు.

మధ్యాహ్నం సంగటి తిన్నాక ఆశ ఫారం తెరిచింది. వృత్తి అన్నచోట కళాకారులు, పరిశోధకులు, విద్యార్థులు, ఇతరులు అని ఉంది.

"మనం ఇతరులంట అక్కా."

"ఎప్పుడు గామమ్మీ. నొక్కు."

ఆశ ఫోన్లో రికార్డు పెట్టగానే చౌడమ్మ పాడింది. 'ఉడుకు నీళ్ళలోన ఏముందే వదినా' అని అడిగి ఆగింది. జవాబుకు పట్టేంత సేపు ఆగి, రెండో ప్రశ్న ఎత్తుకుంది. నోరు మూసుకున్నంతసేపూ తల మాత్రం సన్నగా ఊగుతూనే ఉంది, ఎదుట ఎవరో పాడుతున్నట్టు.

వారానికి పాట సైటులో కనిపించింది. వింటూంటే చౌడమ్మ ముఖం మాడిపోయింది. ఎక్కడా ఆగడం లేదు. ప్రశ్న మీద ప్రశ్న, గుక్క తిప్పుకోకుండా.

ఆదివారం ఆశను వెంటబెట్టుకుని బస్సెక్కి చిక్కబళ్ళాపురం పోయింది.

"మధ్యలో శబ్దమే లేదు కదమ్మా, రికార్డింగులో లోపమనుకుని నేనే కత్తిరించాను. పాట నిండుగా ఉంటుందని," అంది గార్గి.

"నిండుగా యాడుండాది తల్లీ? నేను అడుగుతాండా, ఆయమ్మి చెప్పే జాగా నువ్వు మూసేస్తివి. ఇది వింటే పిళ్ళమ్మ ఏమనుకుంటాది? నన్నిడిసిపెట్టి ఒక్కతే పాడుకుంటాందే అనుకోదా?"

"మిగతా సగం మీకు వచ్చు కదా. మీరే పాడితే..."

"వచ్చు. వచ్చినా నాది కాదు."

బాగుచేస్తున్నామనుకుని చదువుకున్నవాళ్ళు చేసే నష్టం ఇలాగే ఉంటుంది, అడగకుండా జరిగిపోతుంది. గార్గి మాత్రం తప్పు ఒప్పుకుని, మొదట వచ్చిన పాటనే మళ్ళీ పెట్టింది. దాని కింద, జవాబు తెలిసినవాళ్ళు పాడి పంపడానికి ఇంకో ఫారం చేర్చింది.

నెలలో మూడు జవాబులు వచ్చాయి. బాగేపల్లి నుంచి ఒకటి, గౌరిబిదనూరు నుంచి ఒకటి. మూడోది చింతామణి నుంచి వచ్చిందని ఆశ అనగానే చౌడమ్మ చేతులు నీళ్ళలోంచి తీసేసి, తుడుచుకోకుండానే చెవి ఒగ్గింది. ఒక్క చరణం విన్నది.

"మంచి గొంతే. పిళ్ళమ్మ ఇట్ల సాగదీయదు."

ఆ సాయంత్రం గార్గి ఫోన్ చేసింది. "చింతామణి గొంతు బాగా కుదిరిందమ్మా. మీ పాటలో ఆగిన చోట్ల కలిపేద్దామా? పూర్తవుతుంది."

"నా పాట పక్కన పెట్టమ్మా. వాళ్ళూ మనసుపెట్టి పాడినారు పాపం. నా దాంట్లో మాత్రం ఏం కలపొద్దు."

"ఆమె పంపకపోతే?"

"పంపకపోతే ఏమి తల్లీ. యాడో ఒక చోట వింటే చాలు. తన వంతు ఇంకా ఎవురికీ ఇయ్యలేదని తెలుస్తాది."