నేనొచ్చి లేపుతాలే

దెయ్యాల సంగతి మా ఇంట్లో ఎప్పుడూ పెద్ద చర్చ కాలేదు. మా నాయన పాస్టరు. చనిపోయినవాళ్లు నిద్రపోతారని, ప్రభువు పిలిచినప్పుడు లేస్తారని, ఈలోగా ఊళ్లు తిరగడానికి వాళ్లకు సెలవు లేదని చెప్పేవాడు. నేనూ అదే నమ్మాను. వీధిలో ఎవరికైనా గాలి సోకిందంటే ముందు రక్తపరీక్ష చేయించుకోమని చెప్పే రకం నేను. ఇప్పటికీ ఆ రకమే. అందుకే ఈ విషయం బయట ఎవరికీ చెప్పలేదు.

నేను ముదిగుబ్బలో ఒక చిన్న క్రైస్తవ మిషన్‌లో పనిచేస్తాను. దాని పేరు రాయను. భర్తలు పోయిన ఆడవాళ్లకు, తండ్రి లేని పిల్లలకు సాయం చేయడం మా పని. ఒక్కో ఇంటికి రెండు గొర్రెలు ఇస్తాం, పిల్లలకు పుస్తకాలు కొనిస్తాం, జబ్బు చేస్తే ఆసుపత్రికి తోడు వెళ్తాం. ప్రతి బిడ్డకూ విదేశంలో ఒక దాత ఉంటారు. ఏడాదికోసారి బిడ్డ ఆ దాతకు ఉత్తరం రాయాలి. బిడ్డ తెలుగులో రాస్తే కింద నేను ఇంగ్లీషులో రాస్తాను.

ఉత్తరం వెనకవైపు ఒక ఖాళీ గడి ఉంటుంది. బిడ్డ అందులో చెయ్యి ఆనిస్తే చుట్టూ నేను గీత గీస్తాను. ఏడాదిలో ఆ చెయ్యి ఎంత పెరిగిందో దాత చూసుకుంటారు. మా ఆఫీసులో అందరికీ ఇష్టమైన పని అదే. గీస్తుంటే పిల్లలు చక్కిలిగిలికి మెలికలు తిరిగిపోతారు.

రత్నమ్మ కూతురు వేణి చెయ్యి నాలుగేళ్లు నేనే గీశాను. దాని కుడిచేతి చిటికెన వేలు సగమే ఉండేది. చిన్నప్పుడు తల్లి గడ్డి కోస్తుంటే కొడవలికి అడ్డంగా చెయ్యి పెట్టిందట. ఆ వేలు దగ్గరికి వచ్చేసరికి "ఈడ బస్సు తిరుక్కోవాల" అనేది. నేను పెన్సిల్‌తో బుర్రుమని శబ్దం చేసుకుంటూ తిప్పేదాన్ని.

వేణి తండ్రి బావిలో పూడిక తీస్తుంటే గట్టు మీద కూలి చనిపోయాడు. అంత తవ్వినా ఆ బావిలో నీళ్లు పడలేదు. రత్నమ్మ ఆ తర్వాతి ఏడాది మా ప్రార్థన కూటానికి రావడం మొదలుపెట్టింది. గురువారం గురువారం వాళ్ల ఊళ్లో, రత్నమ్మ పొరుగామె ఖాసింబీ ఇంటి పక్కన రేకుల షెడ్డులో కూర్చునేవాళ్లం.

అక్కడే నేను ఒక మాట నేర్పించాను. రత్నమ్మ ఎప్పుడూ "మా ఆయన సచ్చిపోయినాక" అని మొదలుపెట్టి ఏడ్చేది. "అట్ల అనగూడదు రత్నమ్మా, నిద్రపోయినాడు అనాల" అని చెప్పాను. మా సంఘంలో అందరం అలాగే అంటాం. వెనక కూర్చున్న ఒక ముసలామె "నిద్రపోతే గురక ఇనపడాల కదమ్మా" అంటే అందరం నవ్వాం. రత్నమ్మ మాత్రం నవ్వలేదు. ఆ మాటను గట్టిగా పట్టుకుంది. రేషన్ షాపులో కూడా "మా ఆయన నిద్రపోయి రెండేండ్లాయె" అనేదట.

ఆ కూటంలోనే వాళ్లకు చనిపోయిన చిన్న పాప కథ కూడా చెప్పాను. ప్రభువు వచ్చి, పాప నిద్రపోతోందని చెప్పి, చెయ్యి పట్టుకుని లేపిన కథ. నేను ఆ కథ బాగా చెబుతానని నాకు కొంచెం గర్వం ఉండేది.

ఇక ఆ ఏప్రిల్ సంగతి. విదేశం నుంచి అతిథులు వస్తున్నారని పది రోజుల ముందు నుంచీ ఆఫీసులో హడావిడి. విధవరాళ్లను, తండ్రి లేని పిల్లలను కళ్లారా చూడడానికి వస్తున్నారు. పూలదండలు, పాటలు, బ్యానరు అన్నీ నా నెత్తినే పడ్డాయి. ఆ నెలాఖరుకే ఉత్తరాలు కూడా పంపాలి. నాకు మిగిలింది ఒక్కటే, వేణి ఉత్తరం.

అతిథులు రావడానికి నాలుగు రోజుల ముందు రత్నమ్మ ఫోన్ చేసింది. ఆమెకు ఫోన్ లేదు, ఖాసింబీ ఫోన్‌లోంచి మాట్లాడింది. పాపకు జ్వరం తగ్గడం లేదని, పెద్దాసుపత్రికి పోవాలంటే తనకు అక్కడ ఏమీ తెలియదని, తోడు రమ్మని అడిగింది. రెండు రోజుల్లో వస్తానన్నాను. వెళ్లలేదు. బ్యానరు మీద అచ్చుతప్పు పడితే దాన్ని మార్పించడానికి కదిరి వెళ్లాను. ఆ మాట రాయడానికి ఇప్పుడు నాకు సిగ్గుగా ఉంది.

అతిథులు వచ్చిన రోజు మధ్యాహ్నం ఒంటిగంట దాటాక మళ్లీ ఫోన్ వచ్చింది. చుట్టూ పిల్లలు పాట ప్రాక్టీసు చేస్తున్నారు, మైకు కీచుమంటోంది. నేను ఒక చెవి మూసుకుని విన్నాను.

"అక్కా, పాప నిద్రపోయింది" అంది రత్నమ్మ. గొంతు నెమ్మదిగా ఉంది. ఏడుపు లేదు.

నాకు ప్రాణం కుదుటపడింది. ఇన్ని రోజుల జ్వరం దిగి బిడ్డకు నిద్ర పట్టిందనుకున్నాను. "హమ్మయ్య. నిద్రపోనీ, ఎవురూ కదపొద్దండి. నేనొచ్చి లేపుతాలే" అని నవ్వాను.

"వస్తావు కదా అక్కా?" అంది.

"వస్తా, వస్తా" అన్నాను. లైను తెగిపోయింది.

ఆ సాయంత్రం నాలుగు గంటలకు ఉత్తరాల కవరు టపాకు వెళ్లాలి. వేణి ఉత్తరం లేదు. పాపకు నయమైంది కదా, తర్వాత వెళ్లి చూడొచ్చు, ఇప్పటికి ఉత్తరం నేనే రాసి పెడదాం అనుకున్నాను. ఎడమచేత్తో వంకరటింకరగా రాశాను. నేను బాగున్నాను, బాగా చదువుకుంటున్నాను, మా గొర్రె రెండు పిల్లల్ని పెట్టింది అని. వెనక గడిలో నా కూతురు కీర్తన చెయ్యి పెట్టించి గీశాను. కీర్తనకూ వేణికీ ఒకటే వయసు, ఒంటిపూట బడి కాబట్టి ఆఫీసులోనే ఉంది.

గీసేటప్పుడు కీర్తన నవ్వలేదు. అయిపోయాక చిటికెన వేలు నోట్లో పెట్టుకుని తిమ్మిరెక్కిందని చెప్పింది. నేను పట్టించుకోలేదు. కింద తేదీ వేసి, స్కాన్ చేసే దేవదాసు అన్నకు ఇచ్చేశాను. ప్రతి ఉత్తరానికీ ఫైల్లో ఒక కాపీ ఉంచుకోవడం మా పద్ధతి. కవరు వెళ్లిపోయింది.

ఇంటికి వెళ్లి అన్నం తింటుంటే గుర్తొచ్చింది, చిటికెన వేలు పూర్తిగా గీశానని. గోరు దాకా గీశాను. దొరికిపోతానని భయమేసింది. ఆ భయం నాకు చాలా స్పష్టంగా గుర్తుంది. ఈ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది.

అతిథులు ఇంకో రోజు ఉండిపోయారు. నేను మూడో రోజు పొద్దున రత్నమ్మ ఊరికి వెళ్లాను. సంచిలో బిస్కెట్ ప్యాకెట్లు, ఒక గౌను ఉన్నాయి.

బస్సు దిగగానే ఖాసింబీ ఎదురొచ్చింది. "ఇప్పుడొస్తివా మేడం?" అంది. "ఫోన్‌లో నవ్వినావంట కదా."

నాకు అర్థం కాలేదు. ఆమె అక్కడే, ఎండలో నిలబెట్టి, అంతా చెప్పింది. నాకు ఫోన్ వచ్చిన రోజు మధ్యాహ్నం పన్నెండు గంటలకే పాప పోయింది. రత్నమ్మ ఎవరినీ తాకనివ్వలేదట. అక్క వస్తానంది, కదపొద్దంది, వచ్చి లేపుతానంది అని వాకిలికి అడ్డంగా కూర్చుందట. ఏప్రిల్ ఎండ. రేకుల ఇల్లు. ఆ రోజంతా, మరుసటి రోజు మధ్యాహ్నం దాకా అలాగే ఉంచింది. బస్సు వచ్చినప్పుడల్లా రోడ్డు దాకా పరుగెత్తి వచ్చి చూసిందట. చివరికి ఊరివాళ్లు తిట్టి, ఆమెను పట్టుకుని పక్కకు లాగి, పాపను తీసుకెళ్లి పూడ్చిపెట్టారు.

రత్నమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. "ఎదురు చూసినామక్కా" అంది, అంతే. తిట్టినా బాగుండేది. గౌను సంచిలోనే ఉంచుకుని తిరిగొచ్చాను.

ఆఫీసులో మరణ వార్త రాశాను. దాతకు తెలియజేయాల్సిన కాగితం మాత్రం రెండు వారాలు నా సొరుగులోనే ఉంచాను. ఉత్తరం తేదీ, పాప పోయిన తేదీ ఒకటే అని ఎవరైనా చూస్తారని నా భయం. పిరికిదాన్ని.

ఆ కాగితం అందేలోపే దాత జవాబు వచ్చింది. ఆమె ముసలావిడ, ఆమె భర్త కూడా పోయాడు. ప్రతి ఏడాది ఆ చేతి బొమ్మ మీద తన చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తుంది. ఈసారి చెయ్యి బాగా పెరిగిందని రాసింది. పాపం, ఆ చిట్టి వేలు మాత్రం అలాగే సగం ఉండిపోయిందని రాసింది. గీత చాలా వణికింది, బిడ్డకు ఒంట్లో బాగుందా అని అడిగింది.

ఆ ఉత్తరం మూడుసార్లు చదివాను. తర్వాత ఫైలు తెరిచాను.

కాపీలో చిటికెన వేలు సగమే ఉంది. సగం దగ్గర గీత గుండ్రంగా తిరిగింది, నాలుగేళ్లుగా నేను తిప్పినట్టే. కింద తేదీ నా చేతిరాతే. రెండో పేజీలో ఎడమచేత్తో రాసిన అక్షరాలు నావే.

తేలిగ్గా నమ్మే మనిషిని కాదు కాబట్టి అన్నీ ఆలోచించాను. అలవాటు కొద్దీ నా చెయ్యే అక్కడ తిరిగిందేమో అనుకున్నాను. అలా అయితే ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని ఎందుకు భయపడ్డాను? దేవదాసు అన్నను అడిగాను. "నువ్విచ్చింది ఇచ్చినట్లే పెట్టినానమ్మా, నాకేం పని దాంతో" అన్నాడు. కీర్తనను అడిగితే "గోరు మీద కూడా పెన్సిల్ గీత పడింది కదమ్మా, కడుక్కున్నా" అంది. కీర్తన చేతిని ఆ కాపీ మీద ఆనించి చూశాను. బొటనవేలు ఒకవైపు పోతోంది, అరచెయ్యి బయటికి వస్తోంది. కుదరలేదు. వేణి పాత ఉత్తరం తీసి పక్కన పెట్టాను. అదే చెయ్యి, ఒక ఏడాది పెరిగింది.

ఆ రోజు ఆ కాపీ తీసుకుని రత్నమ్మ దగ్గరికి వెళ్లాను. జరిగిందంతా చెప్పేసి, ఏ శిక్ష వేసినా పడదామని వెళ్లాను. ఆమె గొర్రెల దొడ్డి ఊడుస్తోంది. కాగితం చూడగానే చీపురు పక్కన పెట్టి, చేతులు చీరకు తుడుచుకుని, ఆ బొమ్మ మీద తన అరచెయ్యి ఆనించింది. చాలాసేపు తియ్యలేదు.

"అది వేణి చెయ్యి కాదు రత్నమ్మా" అన్నాను. "నా కూతురి చెయ్యి. నేను మోసం చేసినా."

"నీ కూతురికి అయిదు వేళ్లూ సరిగ్గా ఉండాయి కదక్కా" అంది.

తర్వాత కింద రాసిన తేదీ కూడబలుక్కుని చదివింది. చదవడం ఆమెకు నేర్పింది కూడా నేనే. ఆ తేదీ ఏమిటో ఆమెకు నేను చెప్పనక్కర్లేదు.

"నువ్వు రాలేదని అదే నీ దగ్గరికి వచ్చిండాది" అంది. గొంతు ఫోన్‌లో విన్నంత నెమ్మదిగానే ఉంది. "నువ్వు దాని చెయ్యి పట్టుకుంటివి కదక్కా. మరి లేపకపోతివే?"

ఆమె కాగితం మడిచి రవికలో పెట్టుకుని మళ్లీ చీపురు తీసుకుంది. గొర్రె ఒకటి వచ్చి నా సంచి వాసన చూసింది.

దాతకు నేను చేసిన మోసమంతా రాశాను. ఆమె నుంచి జవాబు రాలేదు. ఆఫీసువాళ్లు నన్ను ఉత్తరాల పని నుంచి తప్పించారు, అది న్యాయమే. ఆ వేలు ఎలా సగమైందో నాకు ఈ రోజుకీ తెలియదు. మా నాయన బతికుంటే ఏం చెప్పేవాడో కూడా తెలియదు. ఎవరైనా చనిపోతే ఇప్పుడు నేను చనిపోయారనే అంటాను, సంఘంలో ఎవరు తప్పుపట్టినా సరే. కీర్తనను పొద్దున బడికి లేపేటప్పుడు దాని చెయ్యి పట్టుకోను. గుమ్మంలో నిలబడి, అది లేచి కూర్చునేదాకా పేరు పెట్టి పిలుస్తూనే ఉంటాను.