చెప్పకుండా ఖాళీ చేసిన ఊళ్ళు

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున్న, వెర్రిబీలో మా అమ్మాయి వంటింట్లో నేను పెసరట్లు పోస్తుండగా ఈ దేశానికి ఆ చివరున్న పెర్త్ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడి ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్ళు మా మనవరాలిని తమ అమ్మాయిల జట్టులోకి తీసుకుంటారట. దాని మేనత్త ఉండేది ఆ ఊళ్ళోనే, హారిస్‌డేల్‌లో, కాబట్టి వాళ్ళింట్లో ఉండి చదువుకుంటూ ఆడుకోవచ్చు. పిల్ల ఎగిరి గంతేసింది. మా అమ్మాయి మాత్రం, "నో వే! ఈ ఇల్లు వదిలి నా కూతురు ఎక్కడికీ వెళ్ళదు," అని తేల్చి పారేసింది. పిల్ల గది తలుపు ధడాలున పడింది, పెనం మీద అట్టు మాడింది, మా ఆయన తల ఎత్తలేదు. ఆ "నో" ఇవాళ పుట్టింది కాదని మా ఇద్దరికీ తెలుసు.

మా ఆయన ఫుట్‌బాల్ ఆటగాడు. ఇక్కడి వాళ్ళకి చెబితే శనివారం సరదా అనుకుంటారు గానీ, మాకు అదే బువ్వ. మిడ్‌ఫీల్డరంటే ఏవిటండీ అని పెళ్ళైన కొత్తలో అడిగితే, పెళ్ళి పందిట్లో వడ్డించేవాడి లాంటివాణ్ణే, ఎవరి విస్తట్లో ఏం లేదో చూసుకుంటూ తిరగాలి, భోజనం బావుంటే వంటవాణ్ణి మెచ్చుకుంటారు, బాగోకపోతే నన్ను తిడతారు అన్నారు. నేను రాజమండ్రి పిల్లని. సికింద్రాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఆఫీసు జట్టులో ఆడుతున్నాడు, కుదురైన కుర్రాడని మా నాన్న మురిసిపోయి పిల్లనిచ్చారు. కుదురు! ఏడాది తిరక్కుండానే కలకత్తా క్లబ్బు పిలిచింది, ఉద్యోగానికి నమస్కారం పెట్టేశారు. ఆ తర్వాత గోవా, బొంబాయి, కేరళ, మళ్ళీ కలకత్తా, చివరికి పంజాబు. మీరు కొత్త మంచం కొన్నారంటే ఊరు మారే వేళైందన్నమాటే అని మా అత్తగారు వేళాకోళం చేసేవారు.

అన్ని ఊళ్ళలోకీ కలకత్తా అంటే నాకు ప్రాణం. అక్కడ మ్యాచ్ గెలిస్తే అభిమానులు ఇలిశ చేప పట్టుకుని ఇంటికొచ్చేవారు. ఇలిశంటే ఏవిటో అనుకున్నాను, తీరా చూద్దును కదా, మన పులసే! పుస్తెలమ్మైనా పులస తినాలనే గోదావరి ఒడ్డున పుట్టినదాన్ని, అది ఊరికే నా గుమ్మంలోకి నడిచొస్తే ఆగుతానా? చింతపండు పులుసు పోసి దాకలో వండితే, ఆవనూనె లేనిదే చేప ముట్టని పక్కింటి బెంగాలీ అక్క ముక్కు మీద వేలేసుకుంది, మర్నాడు గిన్నె పట్టుకొచ్చి ఇంకాస్త పెట్టమంది. ఓడిన రోజు మాత్రం చేపా లేదు, పలకరింపూ లేదు, పాలవాడు కూడా పెడమొహం పెట్టేవాడు.

ఇక ఆటగాళ్ళు క్లబ్బులు మారే రోజులొస్తే ఆ ఊళ్ళో అదో యుద్ధం. మంచి ఆటగాణ్ణి ఇంకో క్లబ్బు తన్నుకుపోకుండా, సంతకం పెట్టేదాకా ఎక్కడో దాచేసేవారు. ఆ సంగతి నాకేం తెలుసు? మొదటి ఏడు మిట్టమధ్యాహ్నం ఎవరో వచ్చి, కంచం ముందు నుంచి లేపి మరీ ఆయన్ని కారెక్కించుకుపోతే, అయ్యబాబోయ్ మా ఆయన్ని ఎత్తుకుపోయారని తెలుగులోనే వీధి దద్దరిల్లేలా గోల పెట్టాను. పక్కింటి అక్క కడుపు పట్టుకుని నవ్వి, పిచ్చిదానా, ఎత్తుకుపోతే సంతోషించు, ఎవరూ రాని ఏడు ఏడుద్దువుగాని అంది. అదెంత నిజమో ఆయన మోకాలు దెబ్బతిన్నాక తెలిసింది. ఆ వేసవిలో వీధిలో కారు చప్పుడైనప్పుడల్లా ఆయన చొక్కా సర్దుకుని కూర్చునేవారు. ఎవరూ రాలేదు.

ఈ సంతకాల వ్యవహారంలో ఒక కట్టుబాటు ఉండేది. పని పూర్తయ్యేదాకా ఊరు మారే సంగతి ఎవరి దగ్గరా అనకూడదు. పిల్లలకైతే అసలే చెప్పకూడదు, స్కూల్లో ఒక్క మాట జారితే సాయంత్రానికి అభిమానులు గుమ్మం ముందు చేరి నానా మాటలూ అంటారు. అందుకని మా అమ్మాయి ప్రతి ఊళ్ళోనూ ఒకరోజు మామూలుగా స్కూలుకి వెళ్ళొచ్చేది, మర్నాడు రైల్లో ఉండేది. కొత్త ఊళ్ళో కొత్త నేస్తాలు దొరుకుతారులే అని మేమంతా అనుకునేవాళ్ళం, ఆ రోజుల్లో పిల్లల్ని అడిగి చేసే పని ఏముండేది గనక!

ఆ ఆదివారం సాయంత్రం మా అమ్మాయి బట్టలు మడతపెడుతుంటే నేనే కదిపాను. నీ కూతురు ఒక్కచోటే పెరగాలనే కదా ఇక్కడ ఇల్లు కొనుక్కున్నావు, నాకు తెలీదా, కానీ దానికి ఆటంటే ప్రాణమే తల్లీ అన్నాను.

"ఊళ్ళు మారినందుకు కాదమ్మా," అంది చేతిలో బట్ట పక్కన పెట్టి. "కలకత్తాలో నా బెంచీలో ఒకమ్మాయి కూర్చునేది. రోజూ నాకోసం పక్కన చోటు పట్టి ఉంచేది. నేనింక రానని దానికి తెలీదు. ఎన్నాళ్ళు ఉంచిందో!"

ఇన్నేళ్ళూ ఆ మాట దాని కడుపులోనే ఉంది. ఇంటి సంగతుల్లో నోరు విప్పడం ఎరగని మా ఆయన లేచి వచ్చి, కూతురి తల మీద చెయ్యి వేసి, "నిన్ను చెప్పి రానివ్వాల్సిందమ్మా," అన్నారు. తలుపు దగ్గర నిలబడి అంతా వింటున్న మనవరాలికి తెలుగు బాగానే తెలుస్తుంది, జవాబే ఇంగ్లీషులో వస్తుంది. "మమ్, ఐ విల్ టెల్ ఎవ్రీవన్. ప్రామిస్," అంది. మా అమ్మాయి ఏడుస్తూనే నవ్వేసి, "ఏడిశావులే, ముందా కంపు కొట్టే బూట్లు కడుక్కో. కంపుబూట్లతో మీ అత్త ఇంట్లో అడుగు పెట్టనివ్వదు," అంది. పిల్ల మళ్ళీ గంతేసింది.

నిన్న శనివారం పెరట్లో బార్బీ, అదే నిప్పుల మీద కాల్చుకు తినే విందు, పెట్టాం. జట్టు పిల్లలు, క్లాసు పిల్లలు, కోచ్, ఇరుగుపొరుగు అందరూ వచ్చారు. సాసేజీల పక్కన నేను పెట్టిన గారెలు ముందు అయిపోయాయి. పిల్లలు ఒకరినొకరు వాటేసుకుని ఏడ్చారు, నవ్వారు, జెర్సీ మీద సంతకాలు చేశారు. మా రోజుల్లో ఊరు వదలడమంటే తాళం వేసుకుని తలొంచుకుని రైలెక్కడమే. కలకత్తాలో పక్కింటి అక్కకి నేనూ చెప్పి రాలేదు, ఆవిడ ఇప్పుడెక్కడుందో, అసలు ఉందో లేదో. వీళ్ళ చేతుల్లో ఫోన్లున్నాయి, ఎవరూ ఎవరికీ తప్పిపోరు. అయినా ఎదురుగా నిలబడి వెళ్ళొస్తానని చెప్పడానికి ఏదీ సాటిరాదు, ఆ అదృష్టం నా మనవరాలికి పట్టింది.

అందరూ వెళ్ళేటప్పుడు మా అమ్మాయి గేటు దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి పిల్లనీ దగ్గరికి తీసుకుని పేరుపేరునా బై చెప్పింది. ఆఖరి కారు మలుపు తిరిగి కనపడకుండా పోయినా ఇంకా చెయ్యి ఊపుతూనే ఉంది. లోపలికి రమ్మని మా ఆయన పిలవబోతే నేనే ఆపాను. ఊపుకోనీండి, ఎన్నేళ్ళనాడు ఆగిపోయిన చెయ్యో అది.