గళ్ళ చొక్కాల బ్యాండ్లకు గోడమీద చోటుందా?

కరోనా పోయి హోటళ్ళు మళ్ళీ తెరుచుకున్నాక వచ్చిన రెండో చలికాలంలో, మస్కట్‌లోని ఖురంలో నేను పనిచేసే హోటల్‌వాళ్ళు నన్ను ఒక కమిటీలో వేశారు. అప్పటికి నా హోదా సీనియర్ సౌండ్ ఆపరేటర్. ఇంజనీరింగ్ డిపార్ట్‌మెంట్‌లో చీఫ్ ఇంజనీర్‌కు, డ్యూటీ ఇంజనీర్‌కు కింద, ఎలక్ట్రీషియన్లకు కాస్త పైన ఉండే మెట్టు అది. రిటైర్‌మెంట్‌కు ఇంకా రెండేళ్ళుంది. జగిత్యాల పక్క పల్లె నుంచి సైట్‌లో వైర్లు లాగడానికి వచ్చినవాణ్ణి తీసుకుపోయి మీటింగ్ రూమ్‌లో మెత్తటి కుర్చీ మీద కూర్చోబెడితే ఎవరికైనా మీసం మెలేయాలనిపిస్తుంది. నేనూ మెలేశాను.

కమిటీ పని చిన్నదే. హోటల్‌లో పాటల లౌంజ్‌కు మరమ్మతులు జరుగుతున్నాయి. అది తిరిగి తెరిచేసరికి లోపలి గోడమీద పది పెద్ద ఫ్రేములు పెట్టాలి. ఒక్కో ఫ్రేములో ఒక రాక్ బ్యాండ్ బొమ్మ, కింద నాలుగు ముక్కలు. గోడ పేరు హాల్ ఆఫ్ ఫేమ్. రాక్ సంగీతానికి అమెరికాలో అలాంటి గౌరవశాల ఒకటి ఉందట, ఎవరిని చేర్చాలి, ఎవరిని వద్దనాలి అని ఏటా కొట్లాటేనట. మాది దానికి హోటల్ సైజు నకలు. కొట్లాట మాత్రం అసలు సైజులోనే జరిగింది.

కమిటీ పెద్ద సాలిం. ఫుడ్ అండ్ బెవరేజ్ మేనేజర్, అంటే తిండీ తాగుడూ పాటా అన్నీ ఆయన చేతికిందే. నలభై నిండని ఒమానీ. హిందీ నాకంటే బాగా మాట్లాడతాడు. నన్ను 'ముహందిస్' అని పిలిచేవాడు, అంటే ఇంజనీరు. ఐటీఐ చదివిన నాకు ఆ పిలుపు వింటే లోపల చక్కెర పోసినట్టుండేది, అబద్ధమెందుకు చెప్పాలి? మూడో సభ్యుడు సేల్స్ మనిషి. మీటింగంతా ఫోన్‌లో ఉండి, సాలిం చెయ్యెత్తితే తనూ ఎత్తేవాడు.

తొమ్మిది ఫ్రేములు అరగంటలో తేలిపోయాయి. పదోదాని దగ్గర బండి ఆగింది. దాన్ని గ్రంజ్ కాలపు బ్యాండ్లకు ఇవ్వాలా, వద్దా?

గ్రంజ్ అంటే తొంభైల మొదట్లో అమెరికాలో ఒక వానల ఊరి నుంచి లేచిన సంగీతం. అంతకు ముందు రాక్ వాయించేవాళ్ళు తళుకుల బట్టలేసుకుని, జుట్టు దువ్వి, పొగ మధ్యలోంచి స్టేజీ ఎక్కేవాళ్ళు. వీళ్ళు మాసిన ప్యాంట్లతో, గళ్ళ చొక్కాలతో వచ్చారు. గిటార్‌లో గరగర, గొంతులో గోడు. బొమ్మ చూసి సాలిం పడీపడీ నవ్వాడు. "ఇది బ్యాండా ముహందిస్, లేక ఏదైనా సైట్ నుంచి డ్యూటీ దిగి వచ్చినవాళ్ళా?" అన్నాడు. నేనూ నవ్వాను. నేను మస్కట్‌లో దిగింది అచ్చం అలాంటి చొక్కాతోనే అని మాత్రం చెప్పలేదు.

ఆయన వాదన తీసిపారేసేది కాదు. నాలుగైదేళ్ళు వెలిగి ఆరిపోయినవాళ్ళను, నలభై ఏళ్ళు నిలబడినవాళ్ళ పక్కన ఎలా నిలబెడతాం? గౌరవమంటే కాలానికి నిలిచినదానికి ఇచ్చేదే కదా అన్నాడు. నాకైతే అంత ఆలోచన కూడా అక్కర్లేకపోయింది. మా వృత్తిలో గిటార్ గరగరలాడితే, దాన్ని డిస్టార్షన్ అంటాం, అది జబ్బు. వైరు మార్చో, ప్లగ్గు తుడిచో పోగొట్టాలి. వీళ్ళు కావాలని తెచ్చిపెట్టుకున్నారు. అలాంటివాళ్ళకు ఫ్రేము ఏంది, బొంద!

కానీ ఆ ఫ్రేము వెనక ఒక మనిషి ఉద్యోగం ఉంది. లౌంజ్‌లో వాయించే బ్యాండ్‌కు పెద్ద ప్రభుదాసు, ఏలూరువాడు. చర్చిలో గిటార్ నేర్చుకుని, కాలేజీ రోజుల్లో ఈ గ్రంజ్ పాటల పిచ్చిలో పడ్డవాడు. యాభై ఒకటో యేడు. పదకొండేళ్ళుగా మా హోటల్ వీసా మీదే ఉన్నాడు. భార్య ఒమాన్‌లోనే సమాయిల్ అనే ఊళ్ళో నర్సు, వారానికొకరోజు ఈయన బస్సెక్కి అక్కడికి పోయేవాడు. కొత్త లౌంజ్‌లో గోడమీద ఉన్నవాళ్ళ పాటలే వాయించాలని సాలిం రూలు పెట్టాడు. గోడమీద గ్రంజ్ లేకపోతే ప్రభుదాసు బ్యాండ్ అక్కర్లేదు, మిగతావాళ్ళ పాటలకు ఒక కీబోర్డూ ఒక గొంతూ చాలని ఆయన లెక్క. కాంట్రాక్ట్ ఆ నెలాఖరుతో అయిపోతుంది. ఆ వయసులో ఇంకో హోటల్‌వాళ్ళు ఎవరూ తీసుకోరు. భార్య ఇక్కడ, తను ఏలూరులో.

ఆయన కమిటీలో లేడు, కాబట్టి నా దగ్గరికి వచ్చాడు. "అన్నగారూ, మీ చేతిలో ఒక ఓటుంది. పెద్ద పెద్ద వేషాల మధ్యలోకి మామూలు మనిషి మామూలు బట్టల్లో వచ్చి తన బాధ తను పాడుకున్నాడండీ. ఇంక గౌరవం దేనికిస్తారండీ?" అన్నాడు. చూద్దాం లేవయ్యా అన్నాను. చూద్దామంటే కాదని ఆయనకూ తెలుసు.

సాలిం న్యాయమైన మనిషి. బొమ్మ చూసి తీర్పు చెప్పొద్దు, విని చెబుదాం అన్నాడు. ప్రభుదాసు బ్యాండ్ మరమ్మతులు లేని పక్క హాల్లో రోజూ వాయిస్తూనే ఉంది. అక్కడి ప్రోగ్రామ్ నుంచి పాత రాక్ పాటలు మూడు, గ్రంజ్ పాటలు మూడు మిక్సర్‌లోంచి రికార్డ్ చేశాను. ఒకరోజు మధ్యాహ్నం మీటింగ్ రూమ్‌లో వినిపించాను. పాతవి నిండుగా, గుండ్రంగా వచ్చాయి. గ్రంజ్ పాటలు మొదలైనప్పటి నుంచి అయిపోయేదాకా ఒకటే రొద, ఎత్తూ లేదు పల్లమూ లేదు. సేల్స్ ఆయన కూడా ఫోన్‌లోంచి తలెత్తి మొహం చిట్లించాడు. ముగ్గురం వద్దనే చెయ్యెత్తాం. మినిట్స్ మీద సంతకం పెట్టాను. ఆ పాటలు రాగానే గెస్టులు బిల్లు అడగడం పదకొండేళ్ళుగా చూస్తున్నవాణ్ణి, రెండోసారి ఆలోచించలేదు.

వాళ్ళిద్దరూ వెళ్ళిపోయాక కప్పులు తీయడానికి ఓబులమ్మ వచ్చింది. హౌస్‌కీపింగ్‌లో పనిచేసే కడపామె. రోజూ మధ్యాహ్నం బ్యాండ్ సౌండ్ చెక్ చేసుకునే వేళకు హాల్లో కార్పెట్ శుభ్రం చేస్తుంది. తలుపు బయట నిలబడి అంతా విన్నదట.

"అన్నా, ఇదేంది, మధ్యాన్నం ఆయన్న వాయించే పాటేనా ఇది?" అంది.

అవునన్నాను.

"కాదులే. ఆ పాట మొదట్లో గుసగుసలాడినట్టు ఉంటాది. ఆమీట ఒక్కపారి మీద పడతాది సూడు, నా చేతిలో మిషన్ ఆపేసి నిలబడతా. దీంట్లో పడేదే లేదు గదా! యాడికి పోయినాది?"

ఓసోస్, నాకే సౌండ్ పాఠాలు చెబుతోందని నవ్వబోయాను. సగం నవ్వుకే నోరు మూతబడింది.

మిక్సర్‌లో కంప్రెసర్ అని ఒకటుంటుంది. ఏసీది కాదు. గట్టిగా వచ్చే శబ్దాన్ని అణుస్తుంది, సన్నగా వచ్చేదాన్ని లేపుతుంది, మొత్తానికి అంతా ఒక మట్టానికి తెస్తుంది. పదకొండేళ్ళ కింద, ప్రభుదాసు చేరిన మొదటి వారంలోనే, పై అంతస్తులోని గెస్టు ఒకాయన చప్పుడని కంప్లైంట్ ఇస్తే, దాన్ని బాగా బిగించి పెట్టాను. సౌండ్ చెక్‌లో ఒక్కో వాయిద్యం ఉన్నదున్నట్టు వినాలి కాబట్టి దాన్ని పక్కకు తప్పిస్తాను. అప్పుడు నా చెవి ఒక్కో వాయిద్యం మీదే ఉంటుంది, పాట మీద ఉండదు. ప్రోగ్రామ్‌కు ముందు తిరిగి వేస్తాను. అన్నం ముందు చెయ్యి కడుక్కున్నట్టు అలవాటైపోయింది. పై అంతస్తు గదులు తర్వాత స్టోర్లుగా మారాయి. ఆ గెస్టు మొహం కూడా గుర్తులేదు. మిక్సర్‌ను పక్క హాల్లోకి మార్చినా బిగింపు మాత్రం అట్లాగే ఉంది.

పాత రాక్ పాట మొదటి నుంచీ ఒకే జోరులో నడుస్తుంది, దానికి ఈ బిగింపుతో పెద్ద నష్టం లేదు. గ్రంజ్ పాట ప్రాణమంతా నెమ్మదిగా మొదలై ఒక్కసారి విరుచుకుపడటంలోనే ఉంది. ఆ రెంటినీ కలిపి నేను చపాతీలా ఒత్తేశాను. స్టేజీమీద ప్రభుదాసు ముందున్న స్పీకర్‌కు వెళ్ళే సౌండ్ కంప్రెసర్ గుండా పోదు. కాబట్టి ఆయనకు పాట పాటలాగే వినబడేది. జనానికి మాత్రం రొద వినబడేది. రికార్డింగ్‌లోకి వచ్చిందీ జనం వినేదే.

నిజం చెప్పాలంటే నాకు మొదట వచ్చిన ఆలోచన దొంగ ఆలోచన. కంప్రెసర్ తీసేసి చప్పుడు చేయకుండా మళ్ళీ రికార్డ్ చేసి, "పాత ఫైల్ సరిగా లేదు సార్" అని ఇస్తే ఎవడికి తెలుస్తుంది? కానీ సంతకాలైన మినిట్స్ తిరగదోడాలంటే కారణం రాసివ్వాలి. సౌండ్‌లో లోపం కారణమైతే ఫాల్ట్ రిపోర్ట్ జత చేయాలి. అందులో ఏ పరికరం, ఎప్పటి నుంచి, ఎవరి వల్ల అని మూడు గళ్ళుంటాయి. ఇరవై ఏడేళ్ళ సర్వీసులో మూడో గడిలో నా పేరు ఒక్కసారి కూడా పడలేదు. రిటైర్ అయ్యేటప్పుడు చెప్పుకుందామని దాచుకున్న గొప్ప అది ఒక్కటే. రెండు రోజులు ఆ ఫారం డ్రాయర్‌లో పెట్టుకుని తిరిగాను. మూడో రోజు క్యాంటీన్‌లో ప్రభుదాసు ఏలూరు పోవడానికి ఫ్లైట్ల సంగతి ఎవరినో అడుగుతుంటే విన్నాను. వెళ్ళి మూడు గళ్ళూ నింపాను.

సాలిం చదివి, పద విందాం అన్నాడు. మధ్యాహ్నం మూడు గంటలకు ఖాళీ హాల్లో, గెస్టులు కూర్చునే కుర్చీల్లో ఇద్దరం కూర్చున్నాం. నేనక్కడ కూర్చోవడం అదే మొదటిసారి. నా చోటెప్పుడూ మిక్సర్ వెనకే. కంప్రెసర్ ముందే పక్కకు తప్పించాను. ప్రభుదాసుకు ఏమీ చెప్పలేదు, వాయించమన్నాం అంతే. పాట పెదవి కదలనట్టుగా మొదలైంది. తర్వాత ఒక్కసారి మీద పడింది. సాలిం కుర్చీ చేతులు పట్టుకున్నాడు. నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఆ గరగరలో జబ్బేమీ లేదు. మొదట్లో దిగమింగుకున్నదంతా అక్కడికి వచ్చి బయట పడుతోంది.

"యా అల్లాహ్!" అన్నాడు సాలిం. తర్వాత నా వైపు తిరిగి, "పదకొండేళ్ళా, గంగాధర్?" అని అడిగాడు. ముహందిస్ అనలేదు.

నాకు ఒక వార్నింగ్ లెటర్ వచ్చింది. ఓటు మళ్ళీ పెట్టారు. నాలుగైదేళ్ళే వెలిగినా, ఆ తర్వాత వాయించిన ప్రతివాడినీ మార్చినవాళ్ళు కాలానికి నిలిచినట్టే లెక్క అని సాలిం తనే మినిట్స్‌లో రాశాడు. పదో ఫ్రేము గ్రంజ్‌కు పోయింది. ప్రభుదాసు కాంట్రాక్ట్ పొడిగించారు.

కబురు చెప్పడానికి నేనే పోయాను, జరిగిందంతా దాచకుండా చెప్పాను. సంతోషపడతాడనుకున్నాను. ఆయన గిటార్ తుడుస్తున్న గుడ్డ పక్కన పెట్టి నన్ను చూశాడు.

"ఆ పాటలప్పుడు జనం లేచిపోతుంటే నా చెయ్యి పాడైపోయిందనుకున్నానండీ. ఇంటిదాన్ని కూడా ఒక్కరోజు రానివ్వలేదు, సిగ్గేసి. పదకొండేళ్ళండీ అన్నగారూ."

ఆ తర్వాత నెల రోజులు ఆయన నాతో పనికి మించి మాట్లాడలేదు. అందులో తప్పేమీ లేదు.

ఆ బ్యాండ్లు గౌరవశాలకు తగినవా కావా అని ఇప్పటికీ వాదించుకునేవాళ్ళున్నారు. నన్నడిగితే తగినవే అంటాను. కానీ ఆ కమిటీ నాకు నేర్పింది సంగీతం గురించి కాదు. వద్దని చెయ్యెత్తిన రోజున ఆ పాటలు నాకు బాగా తెలుసని అనుకున్నాను. రోజూ వాటి ఎదురుగా కూర్చుని మీటలు తిప్పినవాణ్ణి కదా! నిజానికి మా హోటల్ మొత్తంలో వాటిని విన్నది ఓబులమ్మ ఒక్కతే.