కెప్టెన్ ఇంటికి సైకిల్ మీద: కిషన్‌బాగ్ నుంచి బార్కస్‌కు

ఈ మధ్య ఆదివారం తెల్లవారితే చాలు, హెల్మెట్లు పెట్టుకుని గుంపులుగా పాతబస్తీకి సైకిళ్ల మీద వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. నేను ఒకప్పుడు రేసులు తొక్కానని ఎవరో చెబితే విని, ఏ దారి బాగుంటుందని అడుగుతుంటారు. వాళ్లకోసం నేను తొక్కిన దారులన్నిటిలోకీ చిన్నదాని గురించి రాస్తున్నాను. కిషన్‌బాగ్ నుంచి బార్కస్‌కు పదకొండు పన్నెండు కిలోమీటర్లు. డెబ్భైల చివర్లో, ఒక డిసెంబరు ఆదివారం వెళ్లాను.

ఎందుకు వెళ్లానో ముందే చెప్పేస్తాను. అప్పుడు నేనొక సర్కారు ఫ్యాక్టరీలో ఫిట్టర్ని. మా ఫ్యాక్టరీకి సైకిల్ టీము ఉండేది. ఆ వారమే స్పోర్ట్స్ ఆఫీసరు పిలిచి, వచ్చే నెల మూడు రోజుల రేసుకు నువ్వే కెప్టెన్ అన్నాడు. శనివారం డ్యూటీ అయ్యాక కొత్త రైడర్లను కూర్చోబెట్టి పద్ధతులు చెబుతున్నాను. "కెప్టెన్ ఆగమంటే ఆగాలె" అన్నాక అక్కడితో ఆపేసి వాళ్లను ఇళ్లకు పంపేశాను. ఐదేళ్ల కిందట నా కెప్టెన్ ఆగమంటే నేను ఆగలేదు. వినపడలేదని అందరికీ అబద్ధం చెప్పాను. ఆ కెప్టెన్ పేరు సలాం భాయ్, ఇల్లు బార్కస్‌లో. ఆయన మొహం చూసి నిజం చెప్పకుండా ఆ కుర్చీలో కూర్చోలేననిపించింది.

ఉదయం ఆరున్నరకు బయల్దేరాను. బహదూర్‌పురా మీదుగా హుస్సేనీ ఆలం దాటి మహబూబ్ చౌక్ చేరడానికి ఇరవై నిమిషాలు చాలు. అక్కడ పక్షులు అమ్మేవాళ్లు అప్పుడే గంపలు దింపుతున్నారు. పావురాలను చూస్తే సలాం భాయ్ గుర్తుకు రాక తప్పదు. ఆయనకు పావురాల పిచ్చి. మిద్దె మీద నిలబడి వాటిని ఎగరేయడానికి ఒక ఈల, వెనక్కి పిలవడానికి ఇంకో ఈల వేసేవాడు. రేసులో మా ఐదుగురినీ నడిపింది కూడా ఆ ఈలలే. ఒక పొడుగు ఈల అంటే పో, రెండు పొట్టి ఈలలంటే ఆగు. మిగతా టీములు చేతులూపుకుంటూ, గొంతు చించుకుంటూ ఉంటే మాది మాత్రం పావురాల కొలువు.

సైకిల్ రేసంటే ఎవడి కాళ్లు వాడివే అనుకుంటారు చాలామంది. మూడు రోజుల రేసు అలా కాదు. ఏ రోజు ఫస్టు వచ్చినవాడికి ఆ రోజు దండ వేస్తారు, నిజమే. కానీ కప్పు మాత్రం మూడు రోజుల టైము కలిపితే ఎవరిది తక్కువో వాళ్లదే. అందుకని టీములో గెలవాల్సింది ఒక్కడు, వాడికోసం అరిగిపోవాల్సింది మిగతా నలుగురు. ఒకడు గాలికి ఎదురొడ్డి ముందు తొక్కుతాడు. వాడి వెనక చక్రాన్ని అంటుకుని వచ్చేవాడికి సగం కష్టం తప్పుతుంది. ఒకడు బోరింగు కనపడిన చోటల్లా ఆగి సీసాలు నింపుకుని, ఆయాసపడుతూ మళ్లీ గుంపును అందుకోవాలి. ఇంకొకణ్ణి పొద్దున్నే ముందుకు పంపేస్తారు. వాడు వెళ్లేది గెలవడానికి కాదు, కాచుకుని ఉండటానికి. ఆఖర్లో కెప్టెన్ గుంపును వదిలించుకుని ఒంటరిగా దూసుకొస్తాడు. అప్పటికే ముందున్నవాడు ఆగి, ఆయనకు గాలి కాస్తూ చివరిదాకా లాక్కురావాలి. అలా ముందు పంపిన మనిషిని నేనే.

లాడ్ బజార్‌లో దుకాణాలు పదకొండుకు గానీ తెరవరు. నేను వెళ్లిన వేళకు వీధంతా ఖాళీ. ఆ వీధిని అలా చూడాలంటే ఏడులోపే వెళ్లాలి. మా బస్తీ వాళ్లందరికీ తెలిసిన గాజుల సేటు ఒకాయన తన దుకాణం మెట్ల మీద కూర్చుని వేపపుల్ల నములుతున్నాడు. ఎదురుగా సైకిల్ ఆపక తప్పలేదు.

"ఏంది పహిల్వాన్! పొద్దుగాల పొద్దుగాల యాడికి? నీకేసిన దండ నా పైసలదే, యాదికున్నదా?"

"ఉన్నది సేట్‌సాబ్."

"గా రోజు మస్తు లొల్లి జేసినం. మా బామ్మర్ది బెంగళూరు నుంచి ఒస్తే గూడ నీ ముచ్చటే చెప్పిన. ఫస్టంటే ఫస్టే!"

నవ్వి, చార్మినార్ దాకా సైకిల్ నడిపించుకుంటూ వెళ్లాను.

చార్మినార్ దగ్గర ఇరానీ హోటల్లో చాయ్ నలభై పైసలు, ఉస్మానియా బిస్కెట్ వేరే. మూల బల్ల దగ్గర కూర్చుంటే ఆ రోజంతా కళ్ల ముందుకు వచ్చింది. మూడో రోజు మహబూబ్‌నగర్ నుంచి వెనక్కి రావాలి, ముగింపు బహదూర్‌పురా రోడ్డు మీద. అంటే మా ఇంటి ముందే అన్నమాట. చలికాలం కాబట్టి ఉత్తరం గాలి దారి పొడుగునా మొహానికే. నేను ఇద్దరు వేరే టీము వాళ్లతో షాద్‌నగర్ ముందే గుంపు దాటి వచ్చాను. వాళ్లిద్దరూ ఒకరి తర్వాత ఒకరు అలిసిపోయారు. శంషాబాద్ దగ్గర వెనక్కి చూస్తే రెండు వందల గజాల దూరంలో సలాం భాయ్, ఒక్కడే. ఆయన వెనక, చాలా దూరంగా, కప్పు కోసం ఆయనతో పోటీలో ఉన్నవాడు. అంతా అనుకున్నట్టే జరిగింది. నేను పది పన్నెండు గుక్కల సేపు తొక్కకుండా ఉంటే సరిపోయేది. రెండు పొట్టి ఈలలు వినపడ్డాయి, శుభ్రంగా వినపడ్డాయి.

నాకు ఇరవై నాలుగేళ్లు. నాలుగేళ్లుగా సీసాలు మోశాను, గాలి కాచాను. ఎప్పుడూ నేను వచ్చేసరికి షామియానా విప్పుతుండేవాళ్లు. ఆ రోజు మా బస్తీ వాళ్లు రోడ్డు మీద నిలబడి ఉంటారని తెలుసు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి అనుకుని తొక్కేశాను. నేనే ఫస్టు. సలాం భాయ్ ఆ ఎదురుగాలిలో ఒంటరిగా కొట్టుకుంటూ వచ్చి, మూడు రోజుల లెక్కలో పందొమ్మిది సెకండ్లతో కప్పు పోగొట్టుకున్నాడు.

బస్తీ వాళ్లకు ఈ లెక్కలేవీ తెలియవు. వాళ్లకు తెలిసిందల్లా ఫస్టు వచ్చాననే. బ్యాండు పెట్టి, భుజాల మీద ఎక్కించుకుని కిషన్‌బాగ్ అంతా తిప్పారు. చుట్టూ అంతమంది ఉండగా నేను అంత ఒంటరివాణ్ణి ఎప్పుడూ కాలేదు. మెడలో దండ బరువుకు తల దించుకున్నానని వాళ్లు అనుకున్నారు. ఎదురుగాలిలో ఈల వినపడలేదని ఆఫీసరుకు చెబితే ఆయన నమ్మాడనే అనుకున్నాను. ఆర్నెల్లకు నా ఉద్యోగం పర్మనెంటు అయింది. మరో ఏడాదికి సలాం భాయ్ ఫ్యాక్టరీకి రావడం మానేశాడు. మనసు విరిగి మానేశాడని అందరూ అన్నారు, నేనూ అదే అన్నాను.

చార్మినార్ నుంచి శాలిబండ, అలియాబాద్ మీదుగా దారి సూటిగా దక్షిణానికే. ఫలక్‌నుమా దగ్గర చిన్న ఎత్తు ఉంది గానీ గాలి వెనక నుంచి తోస్తుంటే తెలియదు. చాంద్రాయణగుట్ట దాటితే బార్కస్. సైకిల్ లేనివాళ్లకు చార్మినార్ నుంచి బస్సు ఉండేది, టికెట్ అర్ధ రూపాయి లోపే. నేను ఎనిమిది లోపే చేరాను. బార్కస్‌లో చలికాలం ఉదయం హరీస్ తినకుండా రాకూడదు. గోధుమలూ మాంసమూ రాత్రంతా ఉడికించి మెత్తగా రుబ్బిన వంటకం అది. గళ్ల లుంగీ పొట్టిగా కట్టుకున్న ముసలి వంటాయన పెద్ద గరిటెతో వడ్డిస్తూ, "కిస్‌కే ఘర్ కో ఆయే?" అని, ఎవరింటికి వచ్చానో అడిగాడు. సలాం భాయ్ పేరు చెప్పాను.

"సైకిల్ సలామా? గల్లీ చివర జాంతోట. పాపం, మంచోడు. ఎవరొస్తరు ఆయనింటికి? సైకిలోళ్లు ఒక్కరన్న రాంగ నేను చూడలే."

గిన్నె సగం తిని లేచాను. ఆయన ఏమనుకున్నాడో, పైసలు సగమే తీసుకున్నాడు.

సలాం భాయ్ తోటలో నేల మీద కూర్చుని గంపలో ఆకులు పరిచి జాంపండ్లు సర్దుతున్నాడు. కొంచెం లావెక్కాడు. గడ్డం నెరిసింది. నన్ను చూసి లేవలేదు, ఆశ్చర్యపోలేదు.

"ఆవో యాద్గిరీ. కూసో. పెద్దయి ఇటేయి, చిన్నయి గా గంపల ఎయి."

చేతికి పని దొరికినందుకు బతికిపోయాను. చాలాసేపు పండ్లు ఏరాను. చెప్పాలని వచ్చిన మాట పైకి రావడానికి ఒక గంప నిండాల్సి వచ్చింది.

"భాయ్, గా రోజు నీ ఈల నాకు వినపడ్డది."

"తెలుసు."

"ఎట్ల తెలుసు?"

"నీ కాళ్లు ఆగినయి. రెండు సెకండ్లు ఆగి మళ్ల తిరిగినయి. వినపడని పావురం రెక్క వంచదు యాద్గిరీ. విన్నదే వంచుతది, విని గూడ పోయేది పోతది." ఆయన చేతులు పండ్ల మీదనే ఉన్నాయి.

"మరి ఆఫీసర్‌కు ఎందుకు చెప్పలే?"

"చెప్పిన. నేనే పొమ్మని ఈల ఏసిన అని చెప్పిన."

నాకు అర్థం కాలేదు. ఆయనే విడమరిచి చెప్పాడు. నేను వినపడలేదన్న మాట ఆఫీసరు నమ్మలేదట. కప్పు పోయిందన్న కోపంతో నన్ను టీము నుంచి తీసేయడానికి కాగితం రాయించాడట. టీము నుంచి తీసేస్తే టెంపరరీ నౌకరీ కూడా పోయినట్టే. అప్పుడు సలాం భాయ్ వెళ్లి, తప్పు లెక్క వేసింది తనేనని సంతకం పెట్టాడు. లెక్క తప్పిన కెప్టెన్ ఎవరికి కావాలి? ఆయనదీ టెంపరరీ నౌకరీయే. మరుసటి ఏడాది పర్మనెంటు లిస్టులో ఆయన పేరు లేదు.

"గట్లెందుకు జేసినవ్ భాయ్? నాకోసమా?"

"నీకోసం ఏం గాదు. టీము లోపల అయింది బయటికి చెప్పొద్దు. కెప్టెన్ అంటే గదే. గెలిస్తే నాది, ఓడితే నాది."

"నాకు తెలిసుంటే నేను..."

"ఏం జేసేటోడివి?"

ఏం చేసేవాణ్ణో నాకు తెలుసు. ఏమీ చేసేవాణ్ణి కాదు. ఆయన పేరు లిస్టులో లేదని తేలేనాటికే నా ఉద్యోగం పర్మనెంటు అయిపోయింది.

రెండో గంప సగం నింపాక, మాఫ్ చేయమని అడిగాను. ఆయన మొదటిసారి చేతులు ఆపి నా వైపు చూశాడు.

"ఈల ముచ్చట ఎప్పుడో ఇడిచిన. జవాన్ పోరనివి, ఫస్టు రావాలని ఎవనికుండదు? గానీ కిషన్‌బాగ్ నుంచి ఈడికి ఎంత దూరం? మెల్లగ తొక్కినా గంట పడ్తది. నీకు ఐదేండ్లు పట్టింది. ప్రతి ఐతారం అనుకున్న, ఇయ్యాల ఒస్తడు, ఇయ్యాల ఒస్తడు అని. గది మాఫ్ చెయ్యనీకి నాకు వస్తలేదు యాద్గిరీ. ఏం జెయ్యాలె?"

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది. నేను ఏడ్చాను. ఆయన నా ముందు మరో గంప జరిపాడు.

పదకొండుకు బయల్దేరాను. చాంద్రాయణగుట్ట దాకా తోడు వస్తావా భాయ్ అని అడిగితే, సైకిల్ అమ్మేసి నాలుగేళ్లయిందన్నాడు. రుమాల్లో డజను జాంపండ్లు కట్టిచ్చాడు. తిరుగు దారి పొడుగునా గాలి ఎదురే. ముందు కాచేవాడు లేడు, వెనక కాచుకోవాల్సినవాడు లేడు. శాలిబండ చేరేసరికి రోడ్డంతా రిక్షాలూ జనమూ, ఎవరి పనిలో వాళ్లున్నారు. నాకు మాత్రం ఊళ్లో ఒక్క మనిషీ లేనట్టుంది.

సోమవారం స్పోర్ట్స్ ఆఫీసరు గదికి వెళ్లి, ఆ రోజు సలాం భాయ్ పొమ్మనలేదనీ, ఆగమంటే నేనే ఆగలేదనీ చెప్పాను. ఆయన సాంతం విని నవ్వాడు. "ఐదేండ్ల కిందటి ముచ్చట ఇప్పుడెందుకయ్యా, ఫికర్ జెయ్యకు" అని కెప్టెన్ కాగితం నా ముందుకు తోశాడు. సంతకం పెట్టకుండా లేచి రావలసింది. పెట్టాను. మూడేళ్లు కెప్టెన్‌గా ఉన్నాను. ఆ తర్వాత చలికాలంలో నెలకొక ఆదివారం బార్కస్ వెళ్తూనే ఉండేవాణ్ణి. సలాం భాయ్ కూర్చోబెట్టి పండ్లు పెట్టేవాడు, మా పిల్లల చదువులు అడిగేవాడు. సైకిల్ మాట మాత్రం నేను ఎత్తలేదు, ఆయన ఎత్తలేదు. టీములో ఎవరు ఎవరికోసం అరిగిపోతారన్నది కాగితం మీద రాసుకున్నట్టు జరగదని ఇన్నేళ్లకు నాకు తెలిసింది. ఆయన నాకు గాలి కాస్తున్న సంగతి ఐదేళ్లు నాకు తెలియనే లేదు.

చలికాలంలో ఈ దారిన వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. వెళ్లేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి కాళ్లలో బలం చాలా ఉన్నట్టు అనిపిస్తుంది. దాన్ని నమ్మి ఉన్నదంతా వెళ్లేటప్పుడే ఖర్చు పెట్టకండి, అసలు కష్టం తిరిగి వచ్చేటప్పుడే. ఇద్దరు కలిసి వెళ్తే ప్రతి రెండు ఫర్లాంగులకూ ముందుండేవాడు మారుతూ ఉండండి. ఒక్కరే వెళ్తే తిరుగు ప్రయాణానికి ఇంకో అరగంట ఎక్కువ వేసుకోండి.