పుష్యం వెళ్లేదాకా ఆగిన కారు

మా అల్లుడు సూర్యప్రకాశరావుగారు ఒక కారు కొన్న వైనం చెబుతాను. అది కొన్నది చలికాలం కోసం. కొనడానికి పట్టింది కూడా చలికాలమే.

ముందు ఆయన సంగతి చెప్పాలి. అమెరికాలో హెర్న్‌డన్ అనే ఊళ్లో, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద ఉద్యోగం. మనిషి చెడ్డవాడేం కాదు. ఎవరినీ పల్లెత్తు మాట అనరు. కాకపోతే ఏ పనీ ఒక పట్టాన తెమలదు. ఇంట్లో మిక్సీ పాడైతే కొత్తది ఎంచేలోపు దసరా వచ్చి వెళ్లిపోయింది. అన్నాళ్లూ సీసా పచ్చళ్లే తిన్నాం. నేను గుంటూరు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో పనిచేసి రిటైరై, వీళ్ల దగ్గరికొచ్చి ఉంటున్నదాన్ని. అవతలివాళ్లు లైను అడిగితే అప్పటికప్పుడు కలపాలి, ఆలోచించి చెబుతానంటే కుదరదు. అలాంటి నాకు ఈయన్ని చూస్తే ఒళ్లు మండిపోతుంది. పైకి మాత్రం "అల్లుడుగారూ" అంటూ కాఫీ అందిస్తాను. ఏం చేస్తాను, అత్తగారినైపోయాను.

మా అమ్మాయి దమయంతి డయాలిసిస్ సెంటర్‌లో నర్సు. ఆ సెంటర్ కొండల వైపు, దూరంగా ఉంది. తెల్లవారకముందే పేషెంట్లు వచ్చి కూర్చుంటారు. మంచు పడితే స్కూళ్లు మూస్తారు, ఆఫీసులు మూస్తారు, ఆ సెంటర్ మాత్రం మూయరు. వాళ్ల రక్తం మిషన్‌తో శుభ్రం చేయకపోతే మనుషులు బతకరు మరి. అంత పని మీద వెళ్లే పిల్లకు ఉన్నదేమో ఒక ముసలి కారు. టైర్లు అరిగి నున్నగా తయారయ్యాయి. హీటర్ దాని ఇష్టం వచ్చినప్పుడు పనిచేస్తుంది. మంచు పడ్డ రోజు పిల్ల తిరిగి ఇంటికొచ్చేదాకా నాకు ముద్ద దిగేది కాదు.

అల్లుడుగారికి మాత్రం నాలుగు చక్రాలూ లాగే పెద్ద కారుంది, ఎత్తుగా, కొత్తగా. మంచు రోజు ఆయన వర్క్ ఫ్రమ్ హోమ్ అని సోఫాలో కాళ్లు చాపుకుంటారు. ఆ కారూ ఇల్లు కదలదు. ఇక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు తగిలితే తుప్పు పడుతుందట. అందుకని దానికి గ్యారేజీ, దానికో దుప్పటి.

2013 నవంబరులో వాళ్ల స్నేహితుడు కోటేశ్వరరావు హైదరాబాద్ వెళ్లిపోతూ తన హైబ్రిడ్ కారు ఇస్తానన్నాడు. కొంత పెట్రోలుతో, కొంత బ్యాటరీతో నడిచే కారు. అదే కారులో ఇక్కడ చాలా చలికాలాలు నెట్టుకొచ్చానని, మంచు టైర్లు కూడా వేయించి ఉంచానని చెప్పాడు. మనవాడు, అబద్ధం చెప్పే రకం కాదు. దమయంతి చూసి వచ్చి, బాగానే ఉంది తీసుకుందాం అంది. నడపబోయేది ఆ పిల్లే కాబట్టి మాట అక్కడితో తెగిపోవాలి.

తెగితే ఇంకేం. అల్లుడుగారు రీసెర్చ్ మొదలుపెట్టారు. చలికి బ్యాటరీ నీరసిస్తుందట, మైలేజీ పడిపోతుందట. కారు కిందికి ఉందట, మంచు గుట్టలకు తగులుతుందట. చక్రం జారితే కారు తనంతట తానే జోరు తగ్గించేసుకుంటుందట, ఎత్తు ఎక్కేటప్పుడు అది మంచిదా చెడ్డదా అని టెక్సస్‌లో కాపెల్‌లో ఉన్న స్నేహితుడికి ఫోన్ చేశారు. మంచు ఎలా ఉంటుందో ఆ అబ్బాయికి ఫ్రిజ్‌లో తప్ప తెలియదు. అయినా ఇద్దరూ రోజూ మాట్లాడుకున్నారు. దమయంతిని మాత్రం ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు.

అలా మార్గశిరమంతా మైలేజీ లెక్కల్లో పెట్టి, చివరికి కొందామన్నారు. హమ్మయ్య అనుకున్నాను. మర్నాడే తెనాలి సిద్ధాంతిగారికి ఫోన్ చేశారు. పుష్యమాసం వస్తోంది, శూన్యమాసం, పైగా శుక్ర మౌఢ్యం, వాహనం ముట్టుకోవద్దు, మాఘ పంచమి దివ్యంగా ఉంది అన్నాడాయన. ఇంకేముంది! చలికాలానికి కారు కావాలి, చలికాలంలో కొనకూడదు. కంప్యూటర్లు చదివిన మనిషి. ఆ చాదస్తమేదో నాకుంటే ముసలిదని సరిపెట్టుకోవచ్చు.

కోటేశ్వరరావు ఇల్లు ఖాళీ చేస్తూ కారు తెచ్చి మా వాకిట్లో పెట్టి, తాళం కూడా చేతికిచ్చాడు. వాడుకోండి, పేపర్లు తర్వాత చూసుకుందాం అన్నాడు. అల్లుడుగారు ఆ తాళం దేవుడి గూట్లో పెట్టేశారు.

జనవరిలో ఒక తెల్లవారుజామున విపరీతంగా మంచు పడుతోంది. దమయంతి యూనిఫామ్ వేసుకుని ఆ తాళం అడిగింది.

"ఇంకెన్నాళ్లు, మాఘం వచ్చేస్తోందిగా. ఇవాళ్టికి స్లోగా డ్రైవ్ చెయ్యి," అన్నారు అల్లుడుగారు.

అది వెళ్లి ముసలి కారెక్కింది. గంట తిరక్కుండానే ఫోన్. పల్లం దిగుతూ బ్రేకు వేస్తే కారు జారి పక్క కాలువలోకి దిగబడింది. దెబ్బలేం తగల్లేదు. అల్లుడుగారు పెద్ద కారు తీశారు. తీసి, ఉప్పు చల్లే లారీ ఎదురుగా కనిపించిందని సందుల్లోంచి చుట్టూ తిరిగి వెళ్లారు. అంతసేపూ పిల్ల మంచులో నిలబడి ఉంది. అక్కడ పేషెంట్లు కుర్చీల్లో ఎదురుచూస్తున్నారు.

సాయంత్రం నేను ఉండబట్టలేకపోయాను. అత్తగారి మర్యాద కాసేపు పక్కన పెట్టాను.

"ఆ కాలువలో పడడానికి ముహూర్తం ఎవరు పెట్టారు అల్లుడుగారూ?"

ఆయన సిగ్గుపడలేదు. ముఖం వెలిగిపోయింది.

"అదే నేనూ చెప్పేది అత్తయ్యగారూ. మాసం మంచిది కాదు. చూశారా, పాత కారుకే ఇలా అయింది. అదే కొత్తగా కొన్నదైతే?"

లేచి వంటింట్లోకి పోయాను. దమయంతి కంచం ముందు కూర్చుని నావైపు చూసింది. ఏడవలేదు, నవ్వలేదు. కాలువలోంచి తీయించిన కారు బాగుచేయించుకుని, పుష్యమంతా అందులోనే వెళ్లింది.

మాఘ పంచమి రానే వచ్చింది. వాకిట్లో మంచు గీకి, హైబ్రిడ్ కారుకు పసుపు, కుంకుమ, పూలదండ. చక్రాల కింద నిమ్మకాయలు. అన్నాళ్లూ స్నేహితుల ఇంట్లో సర్దుకుని, మర్నాడు విమానమెక్కబోయే కోటేశ్వరరావు కూడా వచ్చి చలికి చేతులు రుద్దుకుంటూ నిలబడ్డాడు. అల్లుడుగారే నడిపి నిమ్మకాయలు తొక్కించారు. కారు చప్పుడే చేయలేదు. దిగి వచ్చి, కిరీటం పెడుతున్నట్టు తాళం దమయంతి ముందు చాపారు.

అది చెయ్యి చాపింది కానీ ఆ తాళం తీసుకోలేదు.

"ఇది మీరుంచుకోండి. పెద్ద కారు తాళం ఇవ్వండి," అంది.

"అదేంటి? నీ కోసమే కదా ఇంత రీసెర్చ్ చేసింది?"

"మంచు పడితే మీరు బయటికి వెళ్లరు కదండీ. మీకిది చాలు."

గొంతు పెంచలేదు. అల్లుడుగారు నన్ను చూశారు, కోటేశ్వరరావును చూశారు. ఉప్పు, తుప్పు అని ఏదో గొణిగారు. ఆ చెయ్యి అలాగే ఉంది. చివరికి జేబులోంచి పెద్ద కారు తాళం తీసి అందులో పెట్టారు. మూడు నెలలుగా ఆ కారు పక్కనుంచే చెత్తడబ్బా లాక్కుంటూ వెళ్లాను. అది ఆయన కారు అని ఇంట్లో అందరం అనుకున్నాం, పిల్లకిస్తే సరిపోతుందని తట్టనే లేదు. నా తెలివీ అంతంతమాత్రమే.

ఆ తర్వాతి వారం మోకాలెత్తు మంచు పడింది. హైబ్రిడ్ కారు గ్యారేజీలో దుప్పటి కప్పుకుని ఉంది. సాయంత్రం పెద్ద కారు ఒళ్లంతా ఉప్పు చారలతో వాకిట్లోకి వచ్చింది. అల్లుడుగారు గుడ్డ, బకెట్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. దమయంతి ఆయన్ని దాటుకుని లోపలికొచ్చి ఆకలేస్తోందమ్మా అంది. ఇద్దరం కూర్చుని వేడివేడిగా తిన్నాం.