తొమ్మిదో నంబరు స్థలం

మా నాయన సుందరరాజు ముప్పై నాలుగేళ్లు ఊరి తలారిగా పనిచేశాడు. ఏర్పేడు పక్కన మా ఊళ్లో ఏ గట్టు ఎవరిదో, ఏ సర్వే రాయి ఏ కంపలో దాక్కుందో ఆయన్ని అడగాల్సిందే. దండోరా వేసేటప్పుడు తప్ప ఆయన గొంతు పెంచగా ఎవరూ వినలేదు. ఇంట్లో ఆ లోటు నేను తీరుస్తాను. నిస్సీ నోరు మంచిది కాదని మా వాడంతా చెబుతుంది, నిజమే.

ఆయనకు ఇంకో పని కూడా ఉండేది. అది ఏ రికార్డులోనూ లేదు. మా వాడలో పురిటిబిడ్డ పోతే ఎత్తుకెళ్లి పూడ్చేది ఆయనే. తండ్రి కూడా వెంట వెళ్లడు. ఎక్కడ పెట్టిందీ తల్లికి చెప్పకూడదు. చెబితే రోజూ అక్కడికే పోయి కూర్చుంటుందని, మనిషి మిగలదని మా పెద్దల భయం. రాయి నాటరు, గుర్తు పెట్టరు. అలా నాయన తన హయాంలో ఏడుగురిని తీసుకెళ్లాడు. అందులో ఒకతె తిరుమలమ్మత్త తొలిచూలు బిడ్డ. పదకొండు రోజుల పిల్ల.

తిరుమలమ్మత్త నాయనకు వరసకు చెల్లెలు. ఆ ఏడాదంతా వెంటపడి అడిగిందట, నా బిడ్డను యాడ పెట్టినావన్నా అని. నాయన గుట్ట వైపు చెయ్యి ఊపి, ఆ తట్టే అన్నాడట. అబద్ధం. పెట్టింది ఊరి చివర మేత బీడులో. తర్వాత ఆమెకు దయానంద్ పుట్టాడు, పెరిగి ఇళ్లు కట్టే బేల్దారి పనిలో పడ్డాడు. అయినా కలుపుకు పోయినప్పుడల్లా ఆమె గుట్ట వైపు తిరిగి కాసేపు నిలబడేది. నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను.

ఇక ఇళ్ల సంగతి. ఏర్పేడు దగ్గర పెద్ద కాలేజీ వచ్చాక మా చుట్టుపక్కల భూమి కూలివాడు కన్నెత్తి చూసే ధరలో లేదు. వాడలో రెండు గదుల ఇంట్లో మూడు సంసారాలు. తిరుమలమ్మత్త వంటింటి గడపకు అడ్డంగా పడుకునేది, కొడుకూ కోడలూ ఇద్దరు పిల్లలూ లోపల. నేను తిరుపతిలో ఒక లాడ్జీ కౌంటర్లో పనిచేస్తాను కాబట్టి ఇళ్ల స్థలాల అర్జీలన్నీ నా చేతే రాయించేవాళ్లు. మొదట చూపించిన స్థలం వాగు పోరంబోకన్నారు. రెండోది కోర్టులో ఉందన్నారు. మూడోది ఆ బీడు, ఇరవై ఎనిమిది ఇళ్లకు సరిపోతుంది. గ్రామసభలో కొందరు మేత పోతుందని లేచారు. మీ బర్రెలకు చోటుంది, మా మనుషులకు లేదా అని నేను అరిచిన అరుపుకు ఒక్కరూ మళ్లీ నోరెత్తలేదు.

సర్వే రోజు పొద్దున నాయన తువ్వాలు భుజాన వేసుకుని, గడప దాటకుండా నిలబడి, ఆ ఏడుగురూ ఆ బీడులోనే ఉన్నారని నాకు చెప్పాడు. చెబితే ఈ స్థలమూ పోతుంది, చెప్పకపోతే తన మనసు ఒప్పుకోదు అన్నాడు. ఆలోచించాల్సింది నేను. ఆలోచించలేదు. "మట్టిలో మట్టయిపోయింటారు నాయనా. బతికుండేవాళ్ల సంగతి సూడు" అన్నాను. బీడులో ఎవరినీ పూడ్చలేదని వాంగ్మూలం నా చేతి రాతతోనే రాశాను. పాత తలారిగా నాయన కింద సంతకం పెట్టాడు. ఆ సంతకం వంకర పోయింది.

చీట్లు తీస్తే తిరుమలమ్మత్తకు తొమ్మిదో నంబరు వచ్చింది. నాయన ముఖం నల్లబడిపోయింది. ఎందుకని నేను అడగలేదు. వారం తిరక్కుండానే అత్త తాంబూలం పట్టుకొచ్చింది. అన్న చెయ్యి మంచిదట, పునాదికి తొలి గడ్డపార ఆయనే వేయాలట. కాదనే దారి లేదు.

ముగ్గు పోసి టెంకాయ కొట్టారు. దయానంద్ ఇసుక ట్రాక్టరుకు ఎదురు వెళ్లాడు. అక్కడ మేం ముగ్గురమే ఉన్నాం. నాయన గడ్డపార ఎత్తాడు, దించాడు. ఇంకోసారీ అంతే. చివరికి దాన్ని నేలకు ఆనించి, "ఈడనేమ్మా. నీ బిడ్డ ఈడనే ఉండాది" అన్నాడు.

ఏ మూల అని అత్త అడిగింది. ముందు గది రావాల్సిన మూలను నాయన చూపించాడు.

"నేను అడిగినప్పుడు చెప్పలేదు. ఇన్నేండ్లూ ఆ గుట్టను సూపించినావు. ఇప్పుడు అడక్కుండా చెప్తా ఉండావు. నీ బరువు దించుకునేదానికి నేనే దొరికినానా అన్నా?"

నంబరు మార్పిస్తానత్తా అని నేను అడ్డం పడ్డాను. మారిస్తే ఎందుకని అడుగుతారు, అప్పుడు ఇరవై ఎనిమిది ఇళ్లూ నిలిచిపోవా అంది. ఎవరో తెలియక తొక్కేదానికన్నా తానుండడమే మేలంది. మిగతా ఆరుగురు తల్లుల్లో ఒక్కరికి కూడా చెప్పొద్దని మాట తీసుకుంది. గడ్డపార నాయన చేతిలోంచి లాక్కుని, అవతలి మూలకు వెళ్లి తొలి పోటు తానే వేసింది.

తర్వాత మిగిలిన ఇళ్లవాళ్లూ ఒక్కొక్కరే తాంబూలాలతో వచ్చారు. నాయన వెళ్లాడు, తవ్వాడు. అలా తవ్వి వచ్చిన రోజు అన్నం ముట్టేవాడు కాదు. ఇళ్లు కావాలని అరిచింది నేను, ఉపవాసాలు ఆయనవి. ఇళ్లు కావాలని ఇప్పటికీ అంటాను. అయినా ఆ పొద్దున ఆయన గడప దగ్గర నిలబడింది నన్ను సలహా అడగడానికి కాదని, ఎవరైనా ఆపుతారేమోనని నిలబడ్డాడని ఇప్పుడు తెలుస్తోంది. ఆపాల్సిన మనిషిని నేనే. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

తొమ్మిదో నంబరు ఇంట్లో పాలు పొంగించిన రోజు ముందు గదిలోనే విస్తళ్లు వేశారు. ఆ మూలన ఏ సామానూ పెట్టలేదు. అత్త వడ్డిస్తూ వడ్డిస్తూ నా ముందు ఆగింది.

"ఆ కాయితం రాసింది నువ్వే గదా నిస్సీ. అప్పటికే నీకు తెలుసునా?"

పక్క విస్తట్లో నాయన చెయ్యి ఆగిపోయింది. గ్రామసభ నోరు మూయించిన నేను, "లేదత్తా" అన్నాను.

"అదే అనుకున్నా. తెలిసుంటే నువ్వు రాసుండవులే తల్లీ" అని నా తల నిమిరి, ఇంకో గరిటె పాయసం వేసింది.

నాయన నా వైపు చూడలేదు. నేను పాయసం తిన్నాను.