పదకొండు లీటర్ల స్నానం

2023 ఫిబ్రవరి చివరి వారం. రాప్తాడులో హైవే పక్కన ఉన్న మా షాపు ముందు ఒక తెల్లటి కారవాన్ వచ్చి ఆగింది. కారవాన్ అంటే చక్రాల మీద తిరిగే ఇల్లు. లోపల మంచం, చిన్న వంటగట్టు, స్నానాల గది, పైకప్పు మీద నీళ్ళ ట్యాంకు, అన్నీ ఉంటాయి. అలాంటి బండ్లు బెంగళూరు వైపు దూసుకుపోతుంటే చూశానే తప్ప ఎప్పుడూ లోపలికి ఎక్కింది లేదు. ఇరవై ఏళ్ళుగా నేను చేస్తున్నది ఇళ్ళకు ట్యాంకులు, మోటార్లు, గీజర్లు బిగించే పని. బండికి కుళాయిలు బిగించే పని నాకెందుకు వస్తుంది?

దిగిన ఆవిడ పేరు శారద. ధర్మవరంలో పట్టుచీరలు నేసే కుటుంబంలో పుట్టి ఫిజియోథెరపీ చదువుకున్నారు. పక్షవాతం వచ్చినవాళ్ళకు, నడుము విరిగినవాళ్ళకు ఇంటికే వెళ్ళి వ్యాయామం చేయిస్తారు.

"ఖాదరన్నా, నీ గురించి ధర్మవరంలో చెప్పి పంపించినారు. ఈ బండిలో నీళ్ళు నా మాట వినడం లేదు," అన్నారు వస్తూనే.

మేడమ్ ఏ ఇంటికి వెళ్ళినా మంచంలో ఉన్న మనిషి ముందు అడిగేది వ్యాయామం గురించి కాదట. ఒక్కసారి ఒళ్ళంతా తడిసేటట్టు నీళ్ళు పోయిస్తారా అని అడుగుతారట. ఇళ్ళలో స్నానాల గదులు ఇరుకు, గడపలు ఎత్తు, చక్రాల కుర్చీ పట్టదు. కుళాయి నీళ్ళు ఏ నాలుగు రోజులకో వస్తాయి. అందుకని ఆవిడ ఎవరో విహారయాత్రలకు వాడి వదిలేసిన కారవాన్ కొని, వెనక తలుపుకు ర్యాంపు పెట్టించి, స్నానాల గదిని వెడల్పు చేయించి, ఊరూరా తిప్పాలనుకున్నారు. స్నానమే ఇంటి ముందుకు రావాలన్నది ఆవిడ ఆలోచన.

కానీ బండి కదిలిన వారానికే ఆగిపోయింది. నూటయాభై లీటర్ల ట్యాంకు ముగ్గురికే ఖాళీ అవుతోంది. అంతకన్నా పెద్ద కష్టం ఇంకోటి. కంబదూరులో నాగరాజు అనే మనిషికి స్నానం చేయిస్తుండగా నీళ్ళు ఉన్నట్టుండి సలసల కాగుతూ వచ్చాయి. అతనికి నడుము కింద స్పర్శ లేదు. కాళ్ళ మీద మరిగే నీళ్ళు పడినా తెలియదు. మేడమ్ చెయ్యి అడ్డం పెట్టబట్టి సరిపోయింది గానీ తొడ మీద చర్మం ఎర్రగా కందింది. ఆ రోజు నుంచి ఆవిడ ఎవరినీ బండి ఎక్కించలేదు.

"నీళ్ళు నలభై డిగ్రీలు దాటకూడదన్నా. దాటవని నువ్వు గట్టిగా చెప్తేనే మళ్ళా తిప్పుతా. లేకుంటే బండి ఎవరికైనా ఇచ్చేస్తా."

బకెట్టు, థర్మామీటరు, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఆ స్నానాల గదిలో కూర్చున్నాను. బండిలో ఉన్నది ఇన్‌స్టంట్ గీజరు. దీంట్లో నీళ్ళు పారుతున్నంతసేపే గ్యాసు మంట వెలుగుతుంది, ఆగితే ఆరిపోతుంది. కుళాయి తిప్పిన తర్వాత వేడి నీళ్ళు షవరు దాకా వచ్చి, అటూ ఇటూ తిప్పి కుదుర్చుకునేసరికి నాలుగు లీటర్లు ఊరికే కారిపోతున్నాయి. సరే, పొదుపు చేద్దామని కుళాయి కొంచెం కట్టేస్తే ఏమవుతోంది? అదే మంట మీద తక్కువ నీళ్ళు పారి మరింత కాగుతున్నాయి. ఇంకా కట్టేస్తే మంటే ఆరిపోయి చన్నీళ్ళు వస్తున్నాయి. సబ్బు రుద్దుకోవడానికి ఆపి మళ్ళీ తిప్పితే, గీజరు లోపల నిలిచి కాగిన నీళ్ళు ఒక్క ఉదుటున తన్నుకొస్తున్నాయి. నాగరాజును కాల్చింది అవే.

నీళ్ళు ఆదా చేయబోవడం వల్లనే ఒళ్ళు కాలిందన్నమాట! సంగతి పట్టుకున్నానన్న సంబరంలో బయటికొచ్చి మేడమ్‌కు చెయ్యి ఊపుతూ వివరించాను. ఆవిడ అంతా విని, "జబ్బు చెప్పినావు సరే, మందేది?" అన్నారు.

నాకు తెలిసిన మందు థర్మోస్టాటిక్ మిక్సర్. వేడినీ చల్లనీ తనంతట తానే చూసుకుని కలిపే కుళాయి అది. బెంగళూరు నుంచి తెప్పించి రెండు రోజులు తంటాలుపడి బిగించాను. నిండుగా తిప్పినంతసేపు బ్రహ్మాండంగా పనిచేసింది. సగానికి తగ్గించగానే గీజరు ఆరిపోయింది. అవతల వేడే లేకపోతే పాపం ఆ కుళాయి మాత్రం ఏం కలుపుతుంది?

నీళ్ళ కింద చెయ్యి పెట్టిన మేడమ్ నవ్వేశారు. "ఇదేందన్నా, మొన్న కాల్చింది, ఈపొద్దు వణికిస్తాంది."

నాకు మాత్రం నవ్వు రాలేదు. మరుసటి రోజు ఆవిడే అన్నారు, "గీజరును చూసింది చాలు. నాగరాజును చూద్దువు రా."

కంబదూరులో నాగరాజు ఇల్లు వీధి చివర ఉంది. నలభై ఏళ్ళుంటాయి. వేరుశనక్కాయల మూటలు లారీకెత్తే హమాలీ. లోడు మీద నుంచి పడి నడుము పోయింది. మంచం మీద దిండుకు ఆనుకుని, నన్ను కిందికీ పైకీ చూశాడు.

"ఏమప్పా, నన్ను కాల్చిన మేస్త్రీవి నువ్వేనా?"

"కాల్చింది నేను కాదన్నా. బాగుచేసేదానికి వచ్చినా."

"చేసినావా మరి?"

"ఇంకా లేదు."

"ఇంకేం చూస్తాండావు, నా మొగం?" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి చెప్పాడు. "కాయలు కొనే సావుకారి కబురు పంపినాడు. కాటా గదిలో కూచొని తూకాలు రాయల్లంట. సోమారం నుంచి రమ్మంటాండాడు. రైతులు నలుగురూ వచ్చి పక్కన నిలబడే చోటు అది. నేను తలకు నీళ్ళు పోసుకొని ఏడాదిన్నర. ఆపొద్దు బండిలో తల తడిసేలోపే కాళ్ళు కాలె. తడిగుడ్డతో తుడిస్తే యాడ పోతాది? నా వాసన నాకే పడడం లేదు. వాళ్ళ మధ్యలో ఎట్ల కూచునేది? నీళ్ళు పోసుకుంటే పోతా. లేకుంటే రానని చెప్పేస్తా."

ఆ రోజు బుధవారం. నేను బిగించే కుళాయి మీద ఒక మనిషి జీవనం ఆధారపడటం నా పనిలో అదే మొదటిసారి.

అంతలో అతని భార్య ఓబులమ్మ ఒళ్ళు తుడవడానికి బకెట్టు తెచ్చింది. గిన్నెలో కాగిన నీళ్ళు వంచింది, చెంబుతో చన్నీళ్ళు పోసింది, చేత్తో కలియబెట్టింది. మోచెయ్యి ముంచి చూసింది. ఇంకో అరచెంబు పోసింది. మళ్ళీ చూసింది. అప్పుడు గుడ్డ ముంచింది.

నేను బకెట్టు దగ్గరికి జరిగాను. "అక్కా, ఎప్పుడూ అట్లనే కలుపుతావా?"

ఆమె నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది. "ఇంకెట్ల కలుపుతారప్పా? ముందు కలిపి, చెయ్యి పెట్టి చూసి, ఆమీట పోస్తారు. పోస్తా పోస్తా కలుపుతారా యాడన్నా?"

పోస్తా పోస్తా కలుపుతారా! నేను వారం రోజులుగా చేయబోతున్నది అదే. ప్రపంచంలో ఏ అమ్మా చేయని పనిని గీజరు చేత చేయించబోయాను. "మేడమ్, దొరికింది!" అని అరిచేసరికి నాగరాజు ఉలిక్కిపడ్డాడు.

తిరిగొచ్చే దారంతా బండి గోడకు ఆనించిన అట్టముక్క మీద బొమ్మలు గీస్తూనే ఉన్నాను. పైన ఉన్న పెద్ద ట్యాంకు కాక, లోపల ముప్పై లీటర్ల స్టీలు ట్యాంకు ఇంకొకటి. అదే మా బకెట్టు. ఒక చిన్న పంపు ఆ నీళ్ళను గీజరు గుండా తిప్పి మళ్ళీ అదే ట్యాంకులోకి వదులుతుంది. నీళ్ళు నిండుగా పారతాయి కాబట్టి మంట ఆరదు, తిరిగొచ్చేవి ట్యాంకులోకే కాబట్టి ఒక్క చుక్క కారిపోదు. ముప్పై తొమ్మిది డిగ్రీలు రాగానే థర్మోస్టాట్, అంటే వేడిని చూసి కరెంటు తెంచే మీట, గీజరునూ పంపునూ ఆపేస్తుంది. ఆ తర్వాతే షవరు పంపు పనిచేస్తుంది. స్నానం జరిగేటప్పుడు బండిలో మంటే ఉండదు. మంట లేని చోట కాలడం ఎక్కడిది?

షవరుకు నొక్కితేనే నీళ్ళొచ్చే పిడి పెట్టాను. నీళ్ళు ముందే కలిసి ఉన్నాయి కాబట్టి ఎన్నిసార్లు ఆపినా, ఎంత సన్నగా వదిలినా వేడి మారదు. ట్యాంకు చుట్టూ పాత ఫ్రిజ్జు తలుపులోని థర్మోకోల్ చుట్టాను.

శనివారం పొద్దున్నే షాపు పక్కన షెడ్డులో పరీక్ష. "మొదట ఎవరికి పోయల్ల?" అన్నాను.

"బిగించినోళ్ళకే," అన్నారు మేడమ్.

లుంగీతో బండిలోని స్నానం కుర్చీలో కూర్చుని తలుపేసుకున్నాను. థర్మామీటరు ముప్పై తొమ్మిది చూపించింది. పిడి నొక్కాను. తల తడిసింది. ఆపాను. సబ్బు రుద్దాను. మళ్ళీ నొక్కాను. అదే వేడి! మళ్ళీ ఆపాను, మళ్ళీ నొక్కాను. అదే వేడి! ఆపడం, నొక్కడం చిన్నపిల్లాడి ఆటలాగా ఆడుకున్నాను. బయటికొచ్చి, వాడిన నీళ్ళు చేరే అడుగు ట్యాంకును, గ్రే వాటర్ ట్యాంకు అంటారు దాన్ని, కొలిచాం. పదకొండు లీటర్లు. తలస్నానానికి! నూటయాభై లీటర్లు ముగ్గురికే అయిపోయిన బండిలో ఇప్పుడు డజనుకు పైగా మనుషులు స్నానం చేయొచ్చు. తడి లుంగీతోనే షాపు ముందు గంతులేశాను. పక్క టీకొట్టు వాళ్ళు ఇంకా ఆ సంగతి ఎత్తి నవ్వుతుంటారు.

ఆదివారం మధ్యాహ్నం కంబదూరు చేరాం. వచ్చే దారిలో టైరు పంక్చరై రెండు గంటలు ఎండలో నిలబడిపోయాం. నాగరాజును ర్యాంపు మీదుగా ఎక్కించి కుర్చీలో కూర్చోబెట్టాం. ఓబులమ్మ పిడి పట్టుకుంది. చుట్టుపక్కల ఆడవాళ్ళు, ముసలివాళ్ళు బండి చుట్టూ మూగారు. లోపలి ట్యాంకు ముప్పావు వంతు నింపి గీజరు మీట వేశాను. మంట వెలగలేదు. మళ్ళీ వేశాను. వెలగలేదు.

వైర్లు తడిమాను, గ్యాసు చూశాను. అన్నీ బాగున్నాయి. చివరికి థర్మామీటరు వైపు చూశాను. నలభై మూడు! పైకప్పు మీది నల్లటి ట్యాంకును సూర్యుడే కాగబెట్టేశాడు. థర్మోస్టాట్ తన పని తాను సరిగ్గానే చేసి మంట వెలగనివ్వలేదు. షవరు పంపును కూడా నేను అలాగే కట్టాను, నలభైకి చేరితే కదలదు. వేడి నీళ్ళు ఎలా పుట్టించాలా అని పదిరోజులు తల బద్దలు కొట్టుకున్న నాకు, మా అనంతపురం ఎండలో చన్నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయన్న ఆలోచనే రాలేదు.

"ఏమైందప్పా?" స్నానాల గదిలోంచి నాగరాజు గొంతు.

"నీళ్ళు ఎక్కువ కాగినాయన్నా. చల్లారేదాకా ఆగల్ల."

"ఏడాదిన్నర ఆగినా. ఇంకెంతసేపు?"

ఓబులమ్మ పిడి నా చేతిలో పెట్టి దిగి ఇంట్లోకి పరుగెత్తింది. తాగే నీళ్ళ కుండ చంకన పెట్టుకుని వచ్చింది. కుళాయి మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియని ఇంట్లో అది తాగే నీళ్ళ కుండ. నేను వద్దనేలోపే సగం ట్యాంకులో పోసేసింది. అది చూసి ఎదురింటి ముసలమ్మ, "నాది గూడ తీసకపోండి, కుండలో నీళ్ళు ఐసు మాదిరి చల్లగుండాయి," అని అరిచింది. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడంటే ఆ రోజు కళ్ళారా చూశాను. నలభై రెండు, నలభై ఒకటి, నలభై. ముప్పై తొమ్మిది!

షవరు పంపు ఝుమ్మంది. బయట ఎవరో చప్పట్లు కొట్టారు.

ఓబులమ్మ ముందు తన మోచేతి మీద పట్టి చూసుకుంది. తర్వాత భర్త తల మీద పెట్టింది. నాగరాజు కళ్ళు మూసుకున్నాడు. నీళ్ళు నుదుటి మీదుగా, మీసాల మీదుగా జారాయి. నాకు భయమేసి, "ఎట్లుండాదన్నా? వేడిగా ఉండాదా?" అన్నాను.

"గమ్మునుండప్పా," అన్నాడు కళ్ళు తెరవకుండా. "పోయించుకోనీ."

సీకాయ పెట్టి ఆమె తల రుద్దింది. పిడి వదిలింది, నొక్కింది, వదిలింది. మేడమ్ కాళ్ళ దగ్గర కూర్చుని చర్మాన్ని క్షణక్షణం చూస్తూనే ఉన్నారు. ఎక్కడా ఎరుపు రాలేదు. అయిపోయాక నాగరాజు తన చెయ్యి తానే వాసన చూసుకుని భార్య వైపు తిప్పాడు. ఆమె ఆ చేతిని పట్టుకుని నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చింది.

ఎండ దిగి పైట్యాంకు చల్లబడ్డాక ఆ వీధిలో ఇంకో నలుగురికి స్నానాలయ్యాయి. అడుగు ట్యాంకులో చేరిన నీళ్ళను ఆడవాళ్ళు వంతులవారీగా పట్టుకెళ్ళి మునగచెట్లకు పోసుకున్నారు. బయలుదేరే ముందు మేడమ్ తాగునీళ్ళ క్యాన్లు కొని తెప్పించి రెండు కుండలూ నింపించారు.

సోమవారం పదకొండింటికి మేడమ్ ఫోనుకు ఒక ఫొటో వచ్చింది. కాటా గదిలో నాగరాజు, ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. పక్కన ముగ్గురు రైతులు అతని భుజాల మీదుగా తూకం చూస్తున్నారు. మేడమ్ దాన్ని నాకు పంపిస్తే, నేను షాపులో ఉన్న ప్రతివాడికీ చూపించాను.

తర్వాత పైకప్పు ట్యాంకుకు తెల్లరంగు వేసి పైన నీడ కట్టించాను. బండి ఇప్పుడు గుమ్మఘట్ట దాకా పోయి వస్తోంది. కానీ ఆ పని నాకు నేర్పింది ట్యాంకుల గురించి కాదు. నీళ్ళు పొదుపు చేయడమంటే కుళాయి సన్నగా తిప్పడమే అనుకునేవాణ్ణి. పని మొదలుపెట్టకముందే అంతా సిద్ధం చేసుకోవడమే పొదుపని, అది నాకంటే ముందు ఓబులమ్మకు తెలుసని తెలిసింది. నేను గీజరు కంపెనీ పుస్తకం నాలుగుసార్లు చదివాను. ఏడాదిన్నరగా రోజూ ఒక మనిషికి ఒళ్ళు తుడుస్తున్న ఆమెను ఒక్క మాట అడగడానికి మాత్రం వారం పట్టింది.

ఇప్పుడు ఎవరు గీజరు కావాలని వచ్చినా, ఎన్ని లీటర్లది అని అడగను. "మీ ఇంట్లో ఎవరు ఎవరికి నీళ్ళు పోస్తారు?" అని అడుగుతాను. ఆ పోసే మనిషితో మాట్లాడాకే కొలతల టేపు తీస్తాను.